వేగిస తలుపు

నాగరత్న చనిపోయిన రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. పని కొట్టంలో నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న వడ్రంగి వీరాచారి. పొయ్యి దగ్గర అలసంద గుగ్గిళ్ళకు తిరగమోత పెడుతున్న ఆయన భార్య ఈశ్వరమ్మ. వాళ్ళ కొడుకు పోతులూరు. ఆ కొడుకు పెళ్ళాం నాగరత్న. వెనక దొడ్లో కోత మిషను నడిపే ఓబులేసు కూడా ఉన్నాడు గాని, పనివాణ్ణి ఇంట్లోవాళ్ళతో కలిపి ఎవరూ లెక్కపెట్టరు. కూతురు కాళిక ఊళ్ళోనే లేదు. కొండకింద యూనివర్సిటీలో కలప శాస్త్రం రెండో ఏడు చదువుతూ, ఆ వేళకు ఏ చెట్టు చేవ ఏ రంగులో ఉంటుందో రాస్తూ పరీక్ష హాల్లో కూర్చొని ఉంది.

పోలీసులు వచ్చేసరికి నలుగురు ముగ్గురయ్యారు. ఓబులేసు లెక్కలోకి వచ్చాడు.

జరిగింది ఇదీ అని వీరాచారి చెప్పాడు. ముందురోజు ఓబులేసు ఒక మొద్దును అడ్డంగా కోసి పాడుచేశాడు. పోతులూరు వాణ్ణి పదిమందిలో చెంప మీద కొట్టాడు. "నీ ఇంట్లో ఎవురిదో తల పగిలేదాకా నాకు నిద్ర రాదు" అని ఓబులేసు అన్నమాట ఊరంతా విన్నది. మరుసటి రోజు వాడు ఉలి మీద కొట్టే చింతకొయ్య కొడతి పట్టుకొని ఇంట్లోకి దూరాడు. కోడలు బెదిరి పనిముట్ల గదిలోకి పోయి గడియ వేసుకుంది. వాడు బయటినుంచి తలుపు బాది బాది, పట్టి లాగి గడియ ఊడగొట్టి, ఆమె తల పగలగొట్టి పారిపోయాడు. ఆ వేగిస చెక్క తలుపు చూస్తే అబద్ధమనడానికి లేదు. గడియ ఊడి వేలాడుతోంది. బయటి వైపు, మనిషి తల ఎత్తున, చెక్క సొట్టలు పడి ఉంది. ఓబులేసు ఆరడుగుల మనిషి.

కాళిక చావుకు వచ్చింది. గడప పసుపునీళ్ళతో కడిగి ఉంది. వదిన నుదుటి మీద బట్ట చుట్టి ఉంది. అమ్మ ఏడవలేదు, గుగ్గిళ్ళు మాడిపోయిన గిన్నె తోముతూనే ఉంది.

*

కాళిక ఆ చదువుకు చేరేటప్పుడు ఇంట్లో నవ్వని మనిషి లేడు.

"చెక్కకు చదువెందుకుమే? మీ నాయన యా కాలేజీకి పోయినాడు?" అంది ఈశ్వరమ్మ.

"ప్లైవుడ్ ఫ్యాక్టరీలో, కాగితం మిల్లులో ఉద్యోగాలుంటాయంటమా. తెల్లకోటు వేసుకొని చెక్కను పరీక్ష చేసే ఉద్యోగం."

"చెట్టుకు గూడా డాక్టరుండాదా?" అని ఓబులేసు కోత మిషను ఆపి మరీ నవ్వాడు. "సదువుకొని చెట్లకు సూదులేస్తావా ఏంది పాపా?"

కాళికకు నలుగురిలో నోరు లేచేది కాదు. తలొంచుకొని వెళ్ళిపోయింది. నాలుగో ఏడు వచ్చేసరికి ఆమె చేసే పని సూది వేయడంలాగే ఉండేది. ఇందుమతి మేడమ్ లాబులో ఆమె, జిలానీ ఇద్దరే విద్యార్థులు. వాళ్ళు చెక్క లోపలి దెబ్బలను చదువుతున్నారు.

చెక్కను కొడితే పైన పడే సొట్టను చిత్రిక పడితే పోతుంది. లోపల మాత్రం సన్నటి గొట్టాల్లాంటి కణాల గోడలు మడత పడతాయి. దెబ్బ ఎంత బలమైతే మడత అంత లోతు. ఎటునుంచి కొడితే అటే వాలుతుంది. రెండో దెబ్బ మడత మొదటి దాని మీద పడుతుంది కాబట్టి ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. అరచేతి వెడల్పున్న ఒక పలకను చెక్కకు అంటిస్తే, అది లోపలికి శబ్దం పంపి ఆ మడతలన్నీ చదివి, చదివింది చదివినట్టు లాబుకు పంపుతుంది. లాబులో ఒక ఇనుప చెయ్యి నిలబెట్టి ఉంది. ఆ చెయ్యి అవే దెబ్బలను అదే బలంతో, అదే వరుసలో ఇసుక బస్తా మీద మళ్ళీ కొడుతుంది. దానికి జిలానీ 'మేనమామ' అని పేరు పెట్టాడు. "మా మేనమామ గూడా ఇంతే. ఏం మాట్లాడడు, కొడతాడు."

మొదటి పరీక్షకు వాడు తన చిన్నాయన మాంసం అంగట్లోనుంచి చింతమొద్దు పట్టుకొచ్చాడు. ఏళ్ళ తరబడి పొట్టేళ్ళు తెగిన మొద్దు అది. పలక అంటించారు. ఇనుప చెయ్యి లేచింది. బస్తా మీద పడింది. ఇక ఆగలేదు. ఎముక మీద పడే దెబ్బ వేరు, మెత్తటి కండ మీద పడే దెబ్బ వేరు అని చూసేవాళ్ళకు తెలిసిపోతోంది. బస్తా చిరిగి ఇసుక నేలంతా పారింది. జిలానీ బస్తాను సరిచేద్దామని వంగాడు. అప్పుడే చెయ్యి దిగింది. వాడి భుజం ఎముక విరిగిన శబ్దం కాళికకు చెరకు గడ విరిచినట్టు వినిపించింది.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటూ జిలానీ కాళికతో అన్నాడు, "చూసినావా ఆచారీ? ఎప్పుడో చచ్చిన పొట్టేలుకు కొట్టిన దెబ్బ నాకు తగిలింది."

ఇందుమతి మేడమ్ నవ్వలేదు. "ఇది పోలీసులకు తెలిస్తే మనల్ని వదలరు" అంది.

తెలిసింది. వదల్లేదు. ఓబులేసు కేసు అప్పటికి కోర్టులో నలుగుతోంది. దెబ్బలు కొట్టింది ఓబులేసేనని చెప్పడానికి, ఇంట్లోవాళ్ళు కాక, తలుపు తప్ప వేరే సాక్షి లేదు. ఆ తలుపు తన ఇంటిదే కాబట్టి తాను రానని కాళిక చెప్పాలనుకుంది. నోరు లేవలేదు. పైగా మనసులో ఒక మూల, వదినను చంపినవాడు ఎలా కొట్టాడో చూడాలని కూడా ఉంది.

ఇన్‌స్పెక్టరు, మేడమ్, ఆమె కలిసి ఊరికి వెళ్ళారు. ఇంట్లోవాళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. కాళిక పలకను తలుపుకు రెండు వైపులా జరుపుతూ చదివించింది. చదివే ముందు యంత్రం ఒక్క ప్రశ్న అడుగుతుంది, చెక్క మొదలు ఎటు ఉంది, పైకా కిందికా అని. దెబ్బ వాలు లెక్కకట్టడానికి దానికి అది కావాలి. కాళిక తలుపు వైపు చూడను కూడా చూడలేదు. 'కిందికి' అని నొక్కింది.

చూడవలసిన పని లేదు మరి. చెట్టు ఎటు పెరిగిందో చెక్కను అటే నిలబెట్టాలన్నది వాళ్ళ కులంలో ఉలి పట్టకముందే నేర్పే మాట. మొదలు నేలకు, కొస మింటికి. తలకిందులుగా నిలబెట్టిన వాసం ఇంటికి అరిష్టం. వీరాచారి ఒకసారి పొరుగూరిలో తలకిందులైన ద్వారబంధం చూసి, కూలి వద్దని చెప్పి విప్పి తిరిగి బిగించి వచ్చిన మనిషి.

లాబులో ఇనుప చెయ్యి తల ఎత్తుకు లేచి, పైనుంచి కిందికి దెబ్బ మీద దెబ్బ వేసింది. పొడుగు మనిషి, బయటినుంచి, పైనుంచి కిందికి. మేడమ్ అలాగే రాసి ఇచ్చింది.

సాక్ష్యం చెప్పడానికి వెళ్ళిన రోజు కోర్టు వరండాలో ఓబులేసు ఎదురయ్యాడు. చేతులకు బేడీలు. మనిషి సగమయ్యాడు. కాళిక పక్కకు తప్పుకోబోయింది.

"చెట్లకు సూదులేస్తావనుకుంటే నాకేసినావే పాపా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

*

తలుపు ఫొటో లాబు గోడకు అంటించి ఉంది. తీర్పు వచ్చే సోమవారం. ఆ వారంలో జూనియర్లకు కొమ్మ ముడుల పాఠం ప్రాక్టికల్ చేయించే వంతు కాళికది. కొమ్మ ఎప్పుడూ పైకే వాలి పెరుగుతుంది కాబట్టి చెక్కలో ముడి తోక ఎటు సాగితే కొస అటు అని, నలుగురి ముందు నేల చూస్తూనే చెప్పింది. వాళ్ళు పోయాక జిలానీ గోడ దగ్గర నిలబడి ఫొటో చూస్తున్నాడు.

"అంటే మీ నాయన తలుపు తలకిందులు బిగించినాడన్నమాట. తోక కిందికుండాదే" అని నవ్వాడు. "వడ్రంగోళ్ళ ఇంట్లో. తాగినాడా ఏం?"

కాళిక నవ్వబోయి ఫొటో దగ్గరికి పోయింది. తలుపు నడుమ చెక్కలో రూపాయి బిళ్ళంత ముడి. దాని తోక నేలవైపు సాగి ఉంది.

ఆమె చిన్నప్పుడు ఆ ముడిని వేలితో రాస్తూ ఆడుకునేది. దాన్ని చేప అనేది. ఆ చేప ఎప్పుడూ ముక్కు కిందికి, తోక పైకి పెట్టుకొని నీళ్ళలో మునుగుతున్నట్టుండేది. ఇప్పుడు పైకి ఈదుతోంది.

కీలు ఉన్న పక్కనే ఉంచి తలుపును తిరగేస్తే, పైది కిందికి వస్తుంది. లోపలి వైపు బయటికి వస్తుంది. ఆమె చేత్తో పుస్తకం అట్టను అలా తిప్పి చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. తరవాత యంత్రం దగ్గర కూర్చొని, పాత చదువునే తీసి, మొదలు పైకి అని నొక్కింది.

ఇనుప చెయ్యి ఈసారి తల ఎత్తుకు లేవలేదు. కిందికి దిగి, మోకాలి ఎత్తున ఆగింది. అక్కడినుంచి పైవాలుగా కొట్టింది. నేలమీద పడి ఉన్న మనిషి కొట్టినట్టు. దెబ్బల వాలు ఓబులేసు ఎత్తుకు సరిపోయింది కాబట్టి కొట్టింది కొడతితోనే అని ముందు అందరూ అనుకున్నారు, కొట్టినదాని ఆకారం యంత్రాన్ని ఎవరూ అడగలేదు. కాళిక ఆకారం అడిగింది. తెరమీద చిన్న గుప్పిలి పడింది. గుప్పిలి పక్కన నెలవంకల్లా సన్నటి గీతలు. గాజులు.

చెయ్యి కొడుతోంది. మొదట బస్తా ఊగేటంత గట్టిగా. తరవాత కాస్త తగ్గి. తరవాత అరచేత్తో. చెయ్యి ఇంకా కిందికి జారింది. చివరికి నాలుగు వేళ్ళు మాత్రం, పిల్లి గోకినట్టు, బస్తా మీద కిందికి గీసుకుంటూ వచ్చి ఆగిపోయాయి.

"ఎవురిది?" అన్నాడు జిలానీ.

"వదినది. లోపల్నుంచి."

రెండో వైపు చదువు ఇంకా మిగిలి ఉంది. అక్కడ దెబ్బ ఒక్కటీ లేదు. బరువు ఉంది. చెక్కకు ఎక్కువసేపు బరువు ఆనితే అది మెల్లగా వంగుతుంది, బరువు తీసినా పూర్తిగా వెనక్కి రాదు. తలుపు కింది భాగాన ఒక వీపు వెడల్పున, దాని పైన ఒక కొప్పంత గుండ్రంగా, చెక్క ఒదిగి ఉంది. గట్టిగా కూర్చున్న మనిషి. పొట్టి మనిషి. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. దానికి బయట గడియ లేదు.

ఆ ఇంట్లో మగవాళ్ళ చెయ్యి లేచినప్పుడు ఆడవాళ్ళకు తెలిసిన మందు ఒక్కటే. దెబ్బలు తినేదాన్ని పనిముట్ల గదిలోకి తోసి, తలుపుకు వీపు ఆనించి కూర్చోవడం. కోపం దిగి మగవాడు బయటికి పోయినాక తీయడం. ఈశ్వరమ్మకు వాళ్ళ అత్త అలా కూర్చుంది. నాగరత్నకు ఈశ్వరమ్మ కూర్చునేది. చిన్నప్పుడు కాళిక అమ్మ పక్కనే చేరి, ఆ తలుపు దగ్గరే శనక్కాయలు ఒలిచేది. లోపల వదిన ముక్కు చీదుకుంటుంటే అమ్మ, "రత్నా, ఇంగ రొంతసేపేలే" అనేది.

కాళిక మేడమ్‌కు ఫోను చేసింది. ఆమె ఢిల్లీ వెళ్ళే విమానంలో ఉంది, ఫోను పలకలేదు.

"నువ్వు చెప్పు జిలానీ. మనం ఇచ్చింది తప్పని చెప్పు. సోమవారం లోపల కోర్టులో చెప్పాల."

"చెప్తా. నువ్వు యాడికి?"

"ఇంటికి. తలుపు మొదలు నా కంటితో చూడకుండా ఈసారి నొక్కను."

"ఒక్కదానివి పోవద్దు ఆచారీ. మీ అమ్మ, మీ అన్న..."

"మా అమ్మే గదా" అంది కాళిక. పలక సంచిలో వేసుకుంది. "నేను చదివిస్తాంటే ఇక్కడ నీకు పడతాది. మేనమామను చూసుకుంటా ఉండు."

*

వీరాచారి కొట్టంలో బండి చక్రానికి ఆకు కర్రలు చెక్కుతున్నాడు. కూతుర్ని చూసి బాడిసె ఆపాడు. ఆమె సంచిని చూసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాయనా, మొదలు పైకి ఎందుకు పెట్టినావు?"

బాడిసె దెబ్బ తప్పి ఆకు చీలింది. వీరాచారి చీలిన ఆకును పక్కన పడేశాడు.

"కిందంతా నెత్తురు పీల్చుకొనింది" అన్నాడు. "చిత్రిక పట్టినా పోలే, అందుకే తిరగేసి బిగించినా. పోలీసోళ్ళకు వేగిసలో ఆ ఎరుపు ఉంటాదిలే అని చెప్పినా."

"వేగిస చేవ తడిస్తే పసుపు దిగుతాది నాయనా. ఎరుపు దిగదు."

"నీకు తెలుస్తాది. వాళ్ళకు తెల్దు." తల ఎత్తలేదు. "ఉండేది ఒక్క కొడుకు. నిన్ను సదివించింది గూడా నేనే గదా. కడుపున పుట్టినోళ్ళు ఇద్దురు, ఒకర్ని పట్టుకొని ఒకర్ని..." బాడిసె కింద పెట్టాడు. "ఓబులేసు వాళ్ళమ్మకు నెలనెలా బియ్యం ఏస్తాండా."

"బియ్యం" అంది కాళిక.

ఇంట్లోకి వెళ్ళింది. పోతులూరు లేడు. అమ్మ వంటింట్లో ఉంది, రోలు చప్పుడు వినిపిస్తోంది. కాళిక పనిముట్ల గది తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చొని వేలితో తడిమింది. బయటి వైపు మరమేకుల రంధ్రాలు. రంపపొట్టు, జిగురు కలిపి పూడ్చి, పైన నునుపు చేసి ఉన్నాయి. ఒకప్పుడు లోపలి గడియ ఉన్న చోటు. నాయన పనితనం, చేతికి తప్ప కంటికి దొరకదు. ఆమె తలుపు తెరిచి గది లోపలికి వెళ్ళి, అటువైపు పలక అంటించింది. పలక మీద పచ్చదీపం వెలిగింది. మొదలు పైకి అని చూసి నొక్కింది.

వెనక రోలు చప్పుడు ఆగింది.

"తలుపును మల్లా ఎందుకు ముట్టుకుంటాండావు?" ఈశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు పచ్చిమిరపకాయల తడి.

"ఎంతసేపు కూసున్యావుమా?"

ఈశ్వరమ్మ అర్థంకానట్టు నటించలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఎప్పుడూ కూసునేంతసేపే. వాడు పోయేదాకా."

"తలుపు తీయమని కొట్టింది గదా."

"కొట్టింది. ఎప్పుడు కొట్టలేదు? తీస్తే వాడు ఈడనే ఉండె, చేతిలో కొడతి ఉండె. నేను లేస్తే పోయి మల్లా ఏస్తాడు. అందుకే గట్టిగా ఆనుకొని కూసున్యా." గొంతు మామూలుగానే ఉంది, కూర ఎలా చేసిందో చెబుతున్నట్టు. "తలమీద తగిలిందని నాకు తెల్దు. కొంగు కప్పుకొని ఉండె. కొట్టడం నిలిపినాక, సరే, పండుకొనిందిలే పాపం అనుకున్యా. కొంచేపు పండుకోనీలే అని నేను గూడా లేయలే."

ఆమె తలుపు కింది అంచు వైపు చూసింది. "చీర కింద తడి తగిలినాక లేసినా."

కాళికకు ఏడుపు రావాలి. రాలేదు. ఆమె చెవుల్లో ఇనుప చెయ్యి నాలుగు వేళ్ళతో గీస్తూనే ఉంది.

"జిలానీకి చెప్పినా మా. కోర్టుకు చెప్పమని. ఓబులేసు ఏం చేయలే."

"నువ్వు చెప్పినావా?" అన్నది ఈశ్వరమ్మ కాదు.

పోతులూరు వాకిట్లో ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. వెనకాల నాయన, "రేయ్, వద్దురా, ఇయ్యి రా" అంటూ చెయ్యి చాపాడు. పోతులూరు చేతిలో ఉన్నది ఆయన బాడిసె. తండ్రిని మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. వీరాచారి గడప మీద వెల్లకిలా పడ్డాడు. తల రాయికి కొట్టుకున్న చప్పుడు వచ్చింది.

"ఏం సదువే నీది" అన్నాడు పోతులూరు. అరవలేదు. "తోడబుట్టినోణ్ణి ఉరికి పంపే సదువు ఎవురు జెప్పినారే నీకు?"

"అన్నా, నాయనను చూడు. నెత్తురు..."

అతను చూడలేదు. బాడిసె ఊగింది. మొదటి దెబ్బకు దీపపు గూడు పగిలి మట్టి రాలింది. రెండోది కాళిక ముంజేతికి తాకింది. నొప్పి కంటే ముందు వేడి తెలిసింది. తెల్లటి చుడీదారు చెయ్యి ఎర్రబడుతూ కిందికి తడిసింది. పరుగెత్తడానికి గదికి కిటికీ లేదు. ఆమె చేతిని ఒళ్ళో అదుముకొని వెనక్కి జరిగింది. నోరు తెరిచినా ఈసారి కూడా కేక బయటికి రాలేదు.

అప్పుడు ఈశ్వరమ్మ ఇద్దరి నడుమకు వచ్చింది. ఆమె కొడుకు చెయ్యి పట్టుకోలేదు. బాడిసె వైపు చూడను కూడా చూడలేదు. రెండు చేతులతో కూతుర్ని రొమ్ముల మీద నెట్టింది, ఆ పొట్టి మనిషిలో అంత బలం ఉందని ఎవరూ అనుకోరు. కాళిక ఉలులు, రంపాల మధ్య వెనక్కి పడింది. పైకి చూస్తే తలుపు లోపలివైపు పలక, దాని మీద పచ్చదీపం. చదువుతూనే ఉంది.

"అమ్మా, తలుపు వేయొద్దు. చెయ్యి తెగింది. చూడు. నెత్తురు పోతాంది మా."

"కొంగు చుట్టుకో" అంది ఈశ్వరమ్మ. కూతురు చుడీదారులో ఉందని, దానికి కొంగు లేదని ఆమెకు తోచలేదు. ఆమె వెనక పోతులూరు నీడ తలుపంతా నిండింది.

"అమ్మా, అట్లనే వదినను..."

"ఇంగ రొంతసేపేలే" అంది ఈశ్వరమ్మ. వంగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, చాలాసేపు కూర్చోబోయే మనిషి సర్దుకున్నట్టు. "వాడు పోయినాక తీస్తా. అందాకా ఎంత కొట్టినా తీయను" అని తలుపు మూసింది.